ఆర్‌సీ ట్రక్కు కట్టాలంటే... మోటారు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

గల్ఫ్‌లో పనిచేసే మామూ సెలవుకు వస్తున్నాడంటే చాలు, పిల్లల జాబితా ముందే వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. ఒకప్పుడు అందులో చాక్లెట్లు, బూట్లు ఉండేవి. ఇప్పుడు కొన్ని ఇళ్లలో పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లు ఆర్‌సీ ట్రక్కు అడుగుతున్నారు. రేడియో కంట్రోల్ ట్రక్కు అన్నమాట. 'రిమోట్ కారే కదా, తెచ్చేద్దాం' అని పెద్దలు ఒప్పేసుకుంటారు. తీరా ధర చూశాక కళ్లు తిరుగుతాయి. పెద్ద సైజు ట్రక్కులు కొన్ని వెయ్యి డాలర్లు దాటుతాయి. ఆ డబ్బుతో ఇక్కడ ఒక మంచి సెకండ్ హ్యాండ్ బైకు వస్తుంది.

సరే, ఎలాగోలా వచ్చింది. ఈదీ డబ్బులు కలిపి ఇంకా పెద్ద మోటారు, ఇంకా పెద్ద బ్యాటరీ తెప్పించారు. నెల తిరగకముందే గేరు పళ్లు రాలిపోతాయి, లేదంటే మోటారు కాలిన వాసన వస్తుంది, లేదంటే బ్యాటరీ ఉబ్బుతుంది. 'మోటుగా తోలాడు, పాడుచేశాడు' అని ఇంట్లో కోపాలు. నిజానికి చాలాసార్లు తప్పు తోలడంలో ఉండదు, కట్టడంలో ఉంటుంది. ఈ ట్రక్కులో ఏ ఒక్క భాగాన్ని పెంచినా ఆ భారం వెళ్లి పక్క భాగం మీద పడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే డబ్బు మిగులుతుంది, ట్రక్కు నిలుస్తుంది, ఇంటికి ప్రమాదమూ తప్పుతుంది.

బొమ్మకీ దీనికీ తేడా

బజార్లో దొరికే రిమోట్ కారు చెడిపోతే పారేయడమే. స్పేర్ పార్టులు దొరకవు. హాబీ రకం ట్రక్కు అలా కాదు. అందులో ప్రతి స్క్రూ, ప్రతి బేరింగ్, ప్రతి గేరు విడిగా దొరుకుతుంది. విప్పొచ్చు, మార్చొచ్చు, మళ్లీ బిగించొచ్చు.

సైజును నిష్పత్తిలో చెబుతారు. 1/10 అంటే అసలు బండిలో పదో వంతు, 1/8 అంటే ఎనిమిదో వంతు. అమ్మే పద్ధతులు రెండు. బాక్సులోంచి తీసి నడిపేలా ముందే బిగించి వచ్చేది ఒకటి. దీన్ని ఆర్‌టీఆర్ అంటారు. విడి భాగాలుగా వచ్చేది రెండోది, అదే కిట్. కిట్‌లో మోటారు, బ్యాటరీ, రేడియో సాధారణంగా ఉండవు, విడిగా కొనుక్కోవాలి. కొత్తవాళ్లకు ఆర్‌టీఆర్ తేలిక. అయితే ఏ భాగం ఎందుకుందో చేతికి తెలియాలంటే కిట్ మించిన గురువు లేదు.

ఈ సరదా ఎక్కడ పుట్టింది

దీని మూలం అమెరికాలో ఉంది. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయీ ప్రాంతానికి చెందిన బాబ్ చాండ్లర్ 1974 మోడల్ ఫోర్డ్ పికప్‌కు పెద్ద పెద్ద టైర్లు వేసి 'బిగ్‌ఫుట్' అని పేరు పెట్టాడు. 1981లో దాంతో పాత కార్ల మీదుగా ఎక్కించి తొక్కించాడు. మాన్‌స్టర్ ట్రక్కుల మోజు అక్కడి నుంచే పెరిగింది.

దాన్ని చిన్న సైజులోకి తెచ్చినవాళ్లలో జపాన్ కంపెనీ తమియా ముఖ్యమైనది. 1987లో అది తెచ్చిన 'క్లాడ్ బస్టర్'లో రెండు మోటార్లు ఉండేవి. ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఇరుసుకు ఒకటి. నాలుగు చక్రాలూ తిరిగేవి. 1999లో అమెరికా కంపెనీ ట్రాక్సాస్ 'టీ-మ్యాక్స్' తెచ్చింది. అది నైట్రో ఇంధనంతో నడిచేది. చప్పుడు, పొగ, ఇంజన్ ట్యూనింగ్ తలనొప్పి అన్నీ ఉండేవి.

ఆ తర్వాత బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాక ఆట మొత్తం మారిపోయింది. 2015లో వచ్చిన ట్రాక్సాస్ 'ఎక్స్-మ్యాక్స్' ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు బరువుండి, తర్వాత వచ్చిన ఎక్కువ వోల్టేజీ రకంలో గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంత బరువు అంత వేగంతో పోతోందంటే దాన్ని బొమ్మ అనడం కష్టం.

శక్తి నడిచే దారి

ట్రక్కులో శక్తి ఒక గొలుసులా నడుస్తుంది. బ్యాటరీ కరెంటు ఇస్తుంది. ఈఎస్‌సీ అనే కంట్రోలర్ ఆ కరెంటును ఎంత, ఎప్పుడు పంపాలో చూసుకుంటుంది. మోటారు దాన్ని తిప్పుడుగా మారుస్తుంది. మోటారు షాఫ్టుకు ఉన్న చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు స్పర్. అక్కడి నుంచి శక్తి డిఫరెన్షియల్‌కు, ఇరుసులకు, చక్రాలకు, చివరికి టైరుకు చేరుతుంది.

గొలుసులో బలహీనమైన లింకు ఎక్కడుంటే అక్కడే తెగుతుంది. ప్లాస్టిక్ స్పర్ గేరు అలాగే ఉంచి రెట్టింపు శక్తి మోటారు పెడితే ముందు పోయేది స్పర్. 'ఇది వీక్‌గా ఉంది' అని స్టీలు స్పర్ వేస్తే దెబ్బ డిఫరెన్షియల్ మీద పడుతుంది. అదీ మార్చితే ఇరుసు వంగుతుంది. ఇలా ఒక మోటారు ధర నాలుగు భాగాల ధర అవుతుంది.

బ్రష్‌లెస్ మోటారు గురించి రెండు మాటలు. పాత మోటార్లలో కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ కరెంటు అందించేవి. అవి అరిగేవి, వేడెక్కేవి. బ్రష్‌లెస్‌లో అవి లేవు. మధ్యలో తిరిగేది అయస్కాంతం, చుట్టూ కదలకుండా ఉండేవి రాగి తీగ చుట్లు. ఈఎస్‌సీ మూడు వైర్ల ద్వారా వరుసగా కరెంటు పంపుతూ అయస్కాంతాన్ని లాగుతుంటుంది. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉన్నదీ ఇదే సూత్రం.

వేగం ఎంతో కాగితం మీదే తెలుస్తుంది

మోటారు మీద 'కేవీ' అని ఒక అంకె ఉంటుంది. కిలోవోల్టు అనుకోకండి. ఒక్క వోల్టుకు నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 2200 కేవీ అంటే వోల్టుకు 2200 చుట్లు, అదీ ఏ భారమూ లేనప్పుడు.

బ్యాటరీ మీద 2ఎస్, 4ఎస్, 6ఎస్ అని ఉంటుంది. లోపల వరుసగా కలిపిన సెల్స్ ఎన్నో అది చెబుతుంది. లిపో సెల్ ఒక్కోటి సగటున 3.7 వోల్టులు. కాబట్టి 2ఎస్ అంటే 7.4, 4ఎస్ అంటే 14.8, 6ఎస్ అంటే 22.2 వోల్టులు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. 2200 కేవీ మోటారు, 4ఎస్ బ్యాటరీ. గుణిస్తే నిమిషానికి 32,560 చుట్లు. పినియన్‌కు 13 పళ్లు, స్పర్‌కు 52 పళ్లు అనుకుంటే అక్కడ వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది. డిఫరెన్షియల్‌లో ఇంకో మూడో వంతుకు. అంటే మోటారు 12 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. చక్రానికి నిమిషానికి సుమారు 2,713 చుట్లు. టైరు వ్యాసం 15 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు 47 సెంటీమీటర్ల దూరం. మొత్తం లెక్క కడితే గంటకు దాదాపు 77 కిలోమీటర్లు.

ఇదే ట్రక్కుకు 2ఎస్ పెడితే 38 కిలోమీటర్లు, 6ఎస్ పెడితే 115. గాలి ఒత్తిడి, బరువు, బ్యాటరీ వోల్టేజీ పడిపోవడం వల్ల నేల మీద వచ్చేది దీనికంటే తక్కువే ఉంటుంది. అయినా కొనకముందే అంచనా దొరికింది కదా. పదో తరగతి గుణింతాలు వచ్చిన పిల్లాడు ఈ లెక్క తనే వేయగలడు. 'ఫలానా మోటారు కావాలి' అని అడిగినప్పుడు ముందు ఈ కాగితం వేసి చూపించమనండి.

ఒక హెచ్చరిక. 4ఎస్ వరకే అని రాసి ఉన్న ఈఎస్‌సీకి 6ఎస్ తగిలిస్తే అది అక్కడికక్కడే కాలిపోవచ్చు. మోటారుకు కూడా గరిష్ఠ చుట్ల పరిమితి ఉంటుంది. దాన్ని దాటిస్తే లోపలి అయస్కాంతం ఊడి మోటారు పట్టేయొచ్చు.

వేడి చెప్పే నిజం

వేగం పెంచడానికి అందరూ పట్టుకునే తేలిక దారి పినియన్ మార్చడం. పై ఉదాహరణలో 13 పళ్లు తీసి 15 పళ్లది పెడితే 77 కాస్తా 88 అవుతుంది. ఖర్చు చాలా తక్కువ. కానీ మోటారు మీద భారం పెరుగుతుంది. ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. సైకిల్‌ను పెద్ద గేరులో వేసి గుట్ట ఎక్కినట్టే.

అందుకే గేరు మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు నడిపి ఆపి, మోటారు వేడి కొలవాలి. మోటారు 80 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. దాటితే చిన్న పినియన్‌కు తిరిగి వెళ్లాలి. మోటారు మరీ వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గిపోతుంది, అది మళ్లీ తిరిగి రాదు. బ్యాటరీ అయితే 60 డిగ్రీలు దాటకూడదు.

కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. కరోనా రోజుల్లో దుకాణాల ముందు నుదుటికి పెట్టిన గన్ ఇంట్లో ఉందని దాన్ని వాడొద్దు. అది ఒంటి వేడి కొలవడానికే, మోటారు వేడిని చూపించదు. మెకానిక్‌లు వాడే రకం తీసుకోవాలి.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది. అమెరికాలోనో జపాన్‌లోనో తయారైన మాన్యువల్‌లోని గేరు సలహా అక్కడి వాతావరణానికి సరిపోవచ్చు. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెలలో 42 డిగ్రీల ఎండలో మోటారు మొదలయ్యేదే వేడితో. ఎండాకాలం పినియన్ ఒకటి రెండు పళ్లు తగ్గించి, పొద్దున్నో సాయంత్రమో నడపడం మేలు. ఇసుకలో, గడ్డిలో నడిపినా ఇదే జాగ్రత్త. దిబ్బల మీద నడిపే గల్ఫ్ కుర్రాళ్లకు ఇది బాగా తెలుసు. ఇసుక చక్రాన్ని పట్టుకుంటుంది, మోటారు మీద భారం అమాంతం పెరుగుతుంది.

బిగించేటప్పుడు చేతికి రావాల్సిన పనులు

కిట్ తెరవగానే భాగాలన్నీ ఒకే గిన్నెలో పోయొద్దు. ఒక్కో సంచి ఒక్కో దశకు సంబంధించింది. పాత ఇడ్లీ ప్లేటు ఒకటి పక్కన పెట్టుకుంటే సైజుల వారీగా స్క్రూలు వేసుకోవడానికి బాగా పనికొస్తుంది. అలెన్ కీలు మాత్రం మంచివి కొనాలి. చవక కీ స్క్రూ తలను గుండ్రంగా అరగదీస్తుంది. ఆ తర్వాత ఆ స్క్రూ బయటికి రాదు.

లోహం లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయాలి. లేకపోతే అదురుకు ఊడిపోతుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూకు మాత్రం వేయకూడదు. అది ప్లాస్టిక్‌ను పెళుసు చేసి పగలగొడుతుంది. ప్లాస్టిక్‌లో స్క్రూ బిగుసుకోగానే ఆపేయాలి. ఇంకో అర చుట్టు తిప్పితే మర పోతుంది.

పినియన్, స్పర్ మధ్య సందు చాలా ముఖ్యం. మరీ దగ్గరగా ఉంటే వేడెక్కి అరుస్తాయి. దూరంగా ఉంటే పళ్లు రాలతాయి. దీనికి పాత చిట్కా ఒకటుంది. నోటుబుక్కు కాగితం ముక్క రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి బిగించాలి. తర్వాత గేరు తిప్పి కాగితం బయటికి తీయాలి. కాగితం మీద మడతలు పడాలి కానీ చిరగకూడదు. ఆపైన స్పర్‌ను వేలితో కొద్దిగా కదిపితే అతి సన్నని ఆట ఉండాలి.

డిఫరెన్షియల్‌లో గ్రీజు కాకుండా సిలికాన్ నూనె పోస్తారు. చిక్కటి నూనె పోస్తే రెండు వైపుల చక్రాలూ దాదాపు కలిసి తిరుగుతాయి. పల్చటిది పోస్తే సులువుగా విడివిడిగా తిరుగుతాయి. వెనక పల్చగా, మధ్యలో చిక్కగా పోయడం చాలామంది మొదలుపెట్టే పద్ధతి. మధ్య డిఫరెన్షియల్‌లో నూనె పల్చనైతే గ్యాస్ నొక్కినప్పుడు ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. మరీ చిక్కనైతే ముందు చక్రాలు పైకి లేస్తాయి.

షాక్ అబ్జార్బర్లలో నూనె పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందకీ ఆడించి గాలి బుడగలు పోనివ్వాలి. ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి. బుడగ మిగిలిపోతే ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా పనిచేసి దూకినప్పుడు ట్రక్కు పక్కకు వాలిపోతుంది.

సోల్డరింగ్‌కు సన్నటి ఐరన్ చాలదు. బ్యాటరీ వైర్లు లావుగా ఉంటాయి, వేడిని లాగేసుకుంటాయి. 60 వాట్లది, వెడల్పు మొన ఉన్నది కావాలి. బ్యాటరీ కనెక్టర్ మార్చేటప్పుడు ఎరుపు, నలుపు రెండు వైర్లూ ఒకేసారి కత్తిరించొద్దు. కత్తెర రెండింటినీ తాకితే అక్కడే షార్ట్. ఒకటి కత్తిరించి, అతికించి, స్లీవ్ వేసి మూసేశాకే రెండోది ముట్టుకోవాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఈఎస్‌సీ పోయినట్టే. తగిలించే ముందు మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకుంటే పోయేదేమీ లేదు.

ఏది ముందు మార్చాలి

డబ్బు ఉన్నప్పుడు అందరి చూపూ మోటారు మీదే పోతుంది. అనుభవం ఉన్నవాళ్ల వరుస వేరుగా ఉంటుంది.

ముందు బేరింగ్‌లు. చవక ట్రక్కుల్లో వీటి బదులు బుష్‌లు ఉంటాయి. బేరింగ్‌లు వేస్తే చక్రం తేలిగ్గా తిరుగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

తర్వాత స్టీరింగ్ సర్వో. చక్రాలను తిప్పే చిన్న మోటారు ఇది. 80 వేగంలో పోతున్న ట్రక్కు తిప్పిన వైపు తిరగకపోతే ఆ వేగం దేనికి? పెద్ద టైర్లున్న 1/8 ట్రక్కుకు మెటల్ గేర్లున్న, కనీసం 15 నుంచి 20 కిలోల టార్క్ ఉన్న సర్వో చూసుకోవాలి.

మూడోది టైర్లు. ఎక్కువ వేగంలో మామూలు రబ్బరు టైరు బెలూన్‌లా సాగుతుంది. రిమ్ము నుంచి ఊడిపోతుంది. లోపల గుడ్డ పట్టీ ఉన్న బెల్టెడ్ టైర్లు సాగవు. టైరును రిమ్ముకు అతికించే జిగురు ఊడుతోందా అని ప్రతిసారీ చూసుకోవాలి.

నాలుగోది గేర్లు, ఇరుసులు. వీటి తర్వాతే మోటారు, ఈఎస్‌సీ. అవి కూడా రెండూ కలిపి, ఒకదానికొకటి సరిపోయేలా కొనాలి.

అల్యూమినియం భాగాల విషయంలో చాలామంది మోసపోతారు. నీలం, ఎరుపు రంగుల్లో మెరుస్తూ చూడ్డానికి బాగుంటాయి. ప్లాస్టిక్ ఆర్మ్ దెబ్బ తగిలితే వంగి మళ్లీ తన స్థితికి వస్తుంది. అల్యూమినియం ఆర్మ్ వంగితే అలాగే ఉండిపోతుంది. వంగకపోతే దెబ్బను ఛాసిస్‌కు పంపిస్తుంది. రాళ్లను గుద్దుకునే చోట మంచి నైలాన్ ఆర్మ్‌లే మేలు. మోటారు మౌంట్ లాంటి కదలకూడని చోట్ల, వేడి బయటికి పోవాల్సిన చోట్ల అల్యూమినియం వాడాలి.

ఇంటివాళ్లంతా తెలుసుకోవాల్సింది: బ్యాటరీ

గేరు పోతే డబ్బు పోతుంది. బ్యాటరీ విషయంలో తప్పు జరిగితే ఇల్లు అంటుకుంటుంది. అందుకే ఈ భాగం పిల్లాడితో పాటు అబ్బా, అమ్మీ కూడా చదవాలి.

ఫోన్ బ్యాటరీలో, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఎక్కువ ఛార్జ్ అయినా, షార్ట్ అయినా అది ఆపేస్తుంది. ఆర్‌సీ లిపో బ్యాటరీల్లో సాధారణంగా అది ఉండదు. కరెంటు ధారాళంగా రావాలని అలా తయారుచేస్తారు. అంటే ఆ కాపలా పని మనమే చేయాలి.

నిండుగా ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు. అంతకు మించకూడదు. నడిపేటప్పుడు 3 వోల్టుల కిందకు పోనివ్వకూడదు. ఈఎస్‌సీలో దీనికి కటాఫ్ సెట్టింగ్ ఉంటుంది. దాన్ని 3.2 దగ్గరో, ఇంకొంచెం పైనో పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది. వారం రోజులు వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి పెట్టాలి. నిండుగా ఛార్జ్ చేసి బీరువాలో పెడితే నెమ్మదిగా ఉబ్బుతుంది.

ఛార్జర్ తప్పనిసరిగా బ్యాలెన్స్ ఛార్జర్ అయి ఉండాలి. అది ఒక్కో సెల్‌ను విడిగా చూసుకుంటూ అన్నిటినీ సమానంగా నింపుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు క్షేమమైన వేగం. ఛార్జర్‌లో లిపో అని, సెల్స్ ఎన్ని అని సరిగ్గా ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోవాలి. ప్రమాదాలకు ఎక్కువగా దారి తీసేవి ఈ చిన్న పొరపాట్లే.

రాత్రి పెట్టి పడుకోవడం అసలు వద్దు. నమాజుకో, బజారుకో వెళ్లేటప్పుడు ఛార్జింగ్ ఆపేసే వెళ్లాలి. పరుపు మీద, సోఫా మీద, పరదాల పక్కన పెట్టొద్దు. గచ్చు నేల మీద, చుట్టుపక్కల కాలే వస్తువులు లేని చోట, లిపో సంచిలో పెట్టి ఛార్జ్ చేయాలి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక ఉంచుకోవాలి.

ఉబ్బిన బ్యాటరీ, నలిగిన బ్యాటరీ, తీపి వాసన వస్తున్న బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా వాడకూడదు. 'ఇంకో రెండుసార్లు వస్తుందిలే' అనుకోవద్దు. దాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మున్సిపాలిటీ చెత్తబండిలో నలిగితే అక్కడ మంట లేస్తుంది, పాపం ఆ కార్మికుడికి ప్రమాదం. పాత బ్యాటరీలను తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టాయి.

ఒకవేళ మంట వస్తే పొగ పీల్చొద్దు. అది విషం. పిల్లలను, పెద్దవాళ్లను ముందు బయటికి పంపాలి. ఇసుక పోయడం కుదిరితే పోయాలి, కుదరకపోతే గది తలుపు మూసి బయటికొచ్చి 101కు ఫోన్ చేయాలి. ట్రక్కును కాపాడాలని చేయి పెట్టొద్దు.

మామూ బ్యాగులో తెచ్చేటప్పుడు

దుబాయ్, రియాద్, దోహా నుంచి తెప్పించుకునేవాళ్లు దీన్ని ముందే చెప్పాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. చేతిలో ఉండే క్యాబిన్ బ్యాగులోనే తేవాలి. కనెక్టర్ కొసలకు టేపు చుట్టి, ఒక్కో బ్యాటరీని విడి సంచిలో పెట్టాలి.

పరిమితి వాట్-అవర్లలో ఉంటుంది. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 4ఎస్ 5000 ఎంఏహెచ్ అయితే 14.8ను 5తో గుణించాలి, 74 వస్తుంది. 100 లోపు ఉంది కాబట్టి మామూలుగా అనుమతిస్తారు. 6ఎస్ 5000 అయితే 111. ఇది 100 నుంచి 160 మధ్య ఉంది, ముందుగా ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అలాంటివి రెండే తేవచ్చు. 6ఎస్ 8000 అయితే 177 దాటుతుంది, ప్రయాణికుల బ్యాగులో రానివ్వరు. ఎయిర్‌పోర్టులో వదిలేసి రావాల్సి వస్తే ఆ డబ్బు పోయినట్టే. ఎయిర్‌లైన్ సొంత నిబంధనలు ఇంకా కఠినంగా ఉండొచ్చు, టికెట్ తీసుకున్నప్పుడే అడగడం మంచిది. బ్యాటరీ తీసేసిన ట్రక్కును సూట్‌కేసులో పెట్టొచ్చు. బిల్లు మాత్రం దగ్గర ఉంచుకోవాలి, కస్టమ్స్‌లో అడుగుతారు.

ఎక్కడ నడపాలి, ఎక్కడ వద్దు

ఐదు కిలోల ట్రక్కు 80 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని దెబ్బలో సుమారు 1,230 జౌల్స్ శక్తి ఉంటుంది. 140 వేగంతో వేసిన క్రికెట్ బంతిలో ఉండేది 120 జౌల్స్ చిల్లర. అంటే ఫాస్ట్ బౌలర్ వేసిన పది బంతులు ఒకేసారి తగిలినట్టు. చిన్నపిల్లాడి కాలికి తగిలితే ఎముక విరుగుతుంది.

కాబట్టి గల్లీలో వద్దు, రోడ్డు మీద అసలే వద్దు. ఈద్గాహ్ మైదానం ఖాళీగా ఉందని, పిల్లలు ఆడుకుంటున్న చోట వద్దు. కోత అయిపోయిన పొలం మంచి చోటు, రైతును అడిగి నడపాలి. వానాకాలం నల్లరేగడిలోకి దించొద్దు. ఆ బురద చక్రాలకు బంకలా పట్టి మోటారును కాల్చేస్తుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా అది ఎలక్ట్రానిక్స్‌కే వర్తిస్తుంది, బేరింగ్‌లు తుప్పు పడతాయి.

ముందు చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలి, తర్వాత ట్రక్కు. ఆపేటప్పుడు ముందు ట్రక్కు, తర్వాత ట్రాన్స్‌మిటర్. ఇప్పటి రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, సిగ్నల్ పోతే మోటారును ఆపే ఫెయిల్‌సేఫ్ వాటిలో ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. చక్రాలు గాలిలో ఉండేలా ట్రక్కును ఒక డబ్బా మీద పెట్టి, మెల్లగా తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే ఆ రోజు బయటికి తీసుకెళ్లొద్దు.

మొదటి నెల 2ఎస్‌తో, లేదా ట్రాన్స్‌మిటర్‌లో గ్యాస్ సగానికి తగ్గించి నడిపితే చేయి కుదురుతుంది.

ఖర్చు పద్దు ఎలా రాయాలి

ట్రక్కు ధర చూసి బడ్జెట్ వేసుకుంటే తప్పుతుంది. కాగితం మీద ఐదు పద్దులు రాయాలి. ట్రక్కు, రెండు బ్యాటరీలు, బ్యాలెన్స్ ఛార్జర్, పనిముట్లు, ఆరు నెలల స్పేర్లు. ఆర్మ్‌లు, స్పర్ గేర్లు, ఇరుసులు, ఒక జత టైర్లు స్పేర్లలో తప్పక పడతాయి. చేతిలో పదిహేను వేలుంటే పదిహేను వేల ట్రక్కు కొనకూడదు. తొమ్మిది పది వేల దాంట్లో మంచిది చూసి, మిగతాది మిగిలిన పద్దులకు ఉంచాలి. ఛార్జర్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. ట్రక్కు మారినా అదే ఛార్జర్ ఏళ్లపాటు ఉంటుంది, ఇంటికి కాపలా కాసేదీ అదే.

స్పేర్లు మన దగ్గర దొరికే మోడలే కొనాలి. విదేశం నుంచి ఒక చిన్న గేరు తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి గేరు ధరను మించిపోతాయి. మూడు వారాలు ట్రక్కు మూలనే ఉంటుంది.

ఇదంతా ఫిజూల్ ఖర్చా అని పెద్దలు అడగడంలో తప్పు లేదు. కొని, గుద్ది, పారేస్తే ఫిజూలే. కానీ కేవీ లెక్క వేసి, గేరు ఎంచి, తనే సోల్డరింగ్ చేసి, మోటారు వేడిని నోటుబుక్కులో రాసుకున్న కుర్రాడికి చేతిలోకి ఒక పని వస్తుంది. ఎలక్ట్రిక్ ఆటోలో, స్కూటర్‌లో ఉన్నవీ బ్యాటరీ, కంట్రోలర్, బ్రష్‌లెస్ మోటారు, గేర్లే. అవి చెడిపోయినప్పుడు బాగుచేసే చేతులు మన ఊళ్లలో ఇంకా చాలా కావాలి.

అందుకే మామూకు జాబితా పంపే ముందు పిల్లాడిని కూర్చోబెట్టి ఒక్క కాగితం రాయించండి. వోల్టులు, కేవీ, గేరు నిష్పత్తి, వచ్చే వేగం, బ్యాటరీ వాట్-అవర్లు, ఐదు పద్దుల ఖర్చు, ఛార్జ్ చేసే చోటు. అది పూర్తిచేసి చూపిస్తే ట్రక్కు అడిగే అర్హత వచ్చినట్టే.